నక్షత్రం గుర్తు ఉన్న బోల్టు

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ అంటుంది. కోపం కాదు, తప్పు ఒప్పుకోవడం చేతకాదని మా చెల్లెలు అంటుంది. ఇద్దరూ ఒకే మాటని రెండు రకాలుగా అంటున్నారని ఆ ఆదివారం దాకా నాకు తెలియలేదు.

ఆ ఉదయం నేను మహా హుషారుగా ఉన్నాను. కార్ల కంపెనీ ఇన్నేళ్ళూ బయటివాళ్ళ కంట పడనివ్వకుండా దాచుకున్న రిపేరు మాన్యువల్ని ముందు రోజు సాయంత్రం అందరికీ తెరిచి పెట్టింది. ఇంటర్నెట్లో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. దీని వెనక మా చెల్లెలి ఆరేళ్ళ ఉత్తరాలున్నాయి. ఆమె లైబ్రేరియన్. వారమంతా పుస్తకాలు సర్దుతుంది, ఆదివారం హెల్మెట్ పెట్టుకుని రేసు కారు నడుపుతుంది. వాళ్ళ క్లబ్బులో అందరూ అంతే. పోస్టుమాన్ ఒకడు, పళ్ళ డాక్టరు ఒకడు, బడిలో లెక్కలు చెప్పేవాడు ఒకడు. అందరివీ ఒకే రకం పాత చిన్న కార్లు. ఎవరి కారు వాళ్ళే విప్పుకుని, ఎవరి కారు వాళ్ళే బిగించుకోవాలి. ఎలా బిగించాలో చెప్పే పుస్తకం మాత్రం కంపెనీ తన సొంత వర్క్‌షాపులకి తప్ప ఎవరికీ ఇచ్చేది కాదు. అడిగితే, తెలియనివాళ్ళ చేతిలో పడితే ప్రమాదం అనేది.

"తాళం వేసి పెట్టుకున్నదాన్ని పుస్తకం అనరు, పెట్టె అంటారు" అని మా చెల్లెలు వాళ్ళకి రాసింది. నేను నవ్వాను. "నా పుస్తకం ఉండగా మీకు ఇంకో పుస్తకం ఎందుకే?" అన్నాను.

నిజంగానే అప్పటిదాకా వాళ్ళకున్నది నా పుస్తకమే. ఆ కంపెనీ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళు మెకానిక్‌గా పనిచేశాను. మాన్యువల్ పై అంతస్తు స్టోర్ రూములో బీరువాలో ఉండేది. స్టోర్‌కీపర్ మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు తాళంచెవి తలుపు వెనక మేకుకి తగిలించేవాడు. పదకొండు నెలలు నేను అన్నం పావుగంటలో మింగేసి, పైకెళ్ళి, ఆ అంకెలన్నీ పొడుగు నోటుబుక్కులో ఎక్కించాను. ఏ బోల్టు ఎంత బిగించాలి, ఏ గొట్టం ఎటు తిప్పాలి, అన్నీ. తరవాత దానికి జెరాక్సులు, ఆ జెరాక్సులకి జెరాక్సులు. క్లబ్బులో దాన్ని గురువుగారి పుస్తకం అంటారు. నన్ను ములగచెట్టు ఎక్కించాలంటే ఆ ఒక్క మాట చాలని మా ఆవిడ దెప్పుతుంది.

అందుకే ఆ ఉదయం కంప్యూటర్ ముందు మా ఆవిడని కూర్చోబెట్టాను. కంపెనీ అంకెలు ఆవిడ చదువుతుంటే, నా నోటుబుక్కులో ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెడుతున్నాను. ఒక్క తేడా లేదని సాయంత్రం అందరి ముందూ చూపించాలని నా సరదా.

"ఇంకెన్ని పేజీలండీ? స్టవ్ మీద పప్పుంది."

"ఉడకనీ. చదువు."

"లోయర్ ఆర్మ్ బోల్టు. ఎనభై."

"ఎనభై. టిక్కు."

"పక్కన నక్షత్రం."

"నేనూ వేశాను. టిక్కు. తరవాతది?"

"ఉండండి, నక్షత్రం ఉందంటే కింద ఏదో రాసుంటారు కదా."

మా ఆవిడకి అదో జబ్బు. తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా పెట్టెలోని మడతల కాగితం మొత్తం చదివితే గానీ వేసుకోదు. పేజీ అడుగున చూసింది, ఏమీ లేదు. తరవాతి పేజీ తెరిచింది. కళ్ళజోడు సర్దుకుంది.

"ఇదిగో. 'ఈ బోల్టు ఒక్కసారి వాడకానికి మాత్రమే. విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. పాతదాన్ని తిరిగి బిగించరాదు.' ఈ ముక్క మీ దాంట్లో ఉందా?"

లేదు. నాకు చూడకుండానే తెలుసు, లేదు.

ఆ బోల్టు ముందు చక్రాన్ని పట్టి ఉంచేది. కొన్ని బోల్టులు బిగించినప్పుడు రవంత సాగుతాయి. ఆ సాగడంలోనే వాటి పట్టు ఉంటుంది. కానీ అది ఒక్కసారికే. విప్పి మళ్ళీ బిగిస్తే మళ్ళీ సాగుతాయి. పాత పైజామా ఎలాస్టిక్‌లాగా పైకి బాగానే కనిపిస్తాయి గానీ లోపల సత్తువ ఉండదు, పీక సన్నబడిపోతుంది. ఎనభైకి బిగిస్తే ఎనభై చూపిస్తాయి కూడా. టార్క్ రెంచి, అంటే ఎంత బిగించామో కొలిచే పానా, సరిగ్గా టక్‌మంటుంది. ఆ చప్పుడు విని అంతా బాగుందనుకుంటాం.

ఆ పేజీ రాసుకున్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నక్షత్రం రాశాను. పేజీ తిప్పబోయాను. మెట్ల మీద స్టోర్‌కీపర్ చెప్పుల చప్పుడు వినబడింది. మూసేసి కిందికొచ్చేశాను. రేపు చూద్దాంలే అనుకున్నాను, మర్నాడు వేరే పేజీ తెరిచాను.

అంతవరకైతే మరుపు. ఆ తరవాత చేసింది మరుపు కాదు. మొదటి జెరాక్సు తీసుకున్నది మా చెల్లెలే. "అన్నయ్యా, ఈ నక్షత్రమేమిటి?" అని అడిగింది. పక్కన మరో ఇద్దరు నిలబడి నా నోటి వంకే చూస్తున్నారు. తెలియదని అంటే ఏం పోయేది? "చాలా ముఖ్యమైనదని గుర్తు. ప్రతి రేసుకీ ముందు విప్పి, తుడిచి, చూసుకుని, మళ్ళీ ఎనభైకి బిగించాలి" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట, నోటికొచ్చింది అనేశాను. ఆనాటి నుంచి క్లబ్బులో అదే చట్టం.

"ఏమిటండీ, మొహం అలా పాలిపోయింది?" అంది మా ఆవిడ.

మా చెల్లెలు ఏ పని చేసినా డైరీలో రాస్తుంది. పోయిన వారమే నాకు గొప్పగా చూపించింది, నక్షత్రం బోల్టు విప్పి బిగించిన టిక్కులు. ముప్ఫై. "శభాష్, పనంటే ఇలా ఉండాలి" అన్నాను. ఆ ఉదయంతో ముప్ఫై ఒకటి.

టైము తొమ్మిదీ ముప్పావు. రేసు పదిన్నరకి. ట్రాక్ మా ఇంటికి నలభై నిమిషాల దూరం. రేసు రోజు డ్రైవర్ల ఫోన్లన్నీ క్లబ్బు గదిలో పెట్టెలో వేసి తాళం వేస్తారు. క్లబ్బు గదికి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తేవాడు లేడు. అందరూ గోడెక్కి ట్రాక్ చూస్తుంటారు.

"నేను చేస్తూనే ఉంటాను, మీరు బయల్దేరండి" అంది మా ఆవిడ. చెప్పులు వేసుకుంటుంటే రెండు కాగితాలు ప్రింటు తీసి చేతిలో పెట్టింది. "నోటిమాట ఎవరు నమ్ముతారు? ఇది చూపించండి." షెడ్డులోకి పరిగెత్తి, పాకెట్టు విప్పని కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకున్నాను. ఎందుకో తెలియదు, ఏదో ఒకటి చేతిలో ఉండాలనిపించింది.

రోడ్డు మీద నా ముందున్న ప్రతివాడూ ఆ రోజే డ్రైవింగు నేర్చుకున్నట్టు నడుపుతున్నాడు. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఎవడో కిటికీలోంచి తల పెట్టి "ఏం, కొంపలంటుకున్నాయా?" అని అరిచాడు. అంటుకున్నాయిరా నాయనా అనుకున్నాను. సగం దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. పెట్టె తరవాత పెట్టె, పెట్టె తరవాత పెట్టె. లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై ఒకటి దగ్గర ఆపేశాను.

అక్కడ ఆగినప్పుడే సగం బిగింపు గుర్తొచ్చాడు.

అతను కళ్ళజోళ్ళ షాపతను. మా క్లబ్బులోకెల్లా నెమ్మదస్తుడు. పోయినేడు మూడో మలుపు దగ్గర అతని కారు ముందు చక్రం మడత పడిపోయి, కారు టైర్ల గోడని గుద్దుకుంది. కాలు రెండు చోట్ల విరిగింది. ఆ కారుని పరీక్ష చేసింది నేనే. బోల్టు రెండు ముక్కలై ఉంది. "సరిగ్గా బిగించలేదు. సగం బిగించి వదిలేశాడు" అని అందరి ముందూ తేల్చేశాను. చంకకర్రలతో వచ్చి "గురువుగారూ, మూడుసార్లు చూసుకున్నానండీ" అన్నాడు. "రెంచి అబద్ధం చెప్పదయ్యా, మనుషులే చెబుతారు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి అతని పేరు సగం బిగింపు. ఇక కారు నడపలేడు కాబట్టి ట్రాక్ పక్కన మంచె మీద జెండాల పని ఇచ్చారు. ఏడాదిగా నాతో మాట్లాడడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నన్ను చూసి తప్పుకుంటున్నాడని నేను చాలామందితో అన్నాను.

అతను మూడుసార్లు చూసుకున్నాడు. నిజంగానే చూసుకుని ఉంటాడు. అంత జాగ్రత్తపరుడు గనకే ప్రతిసారీ విప్పి బిగించి ఉంటాడు. ముందు చెల్లెలు, ఆ సంగతి తరవాత అనుకున్నాను. గేటు లేచింది.

నేను చేరేసరికి రేసు మొదలైపోయింది. పదిహేను చుట్ల రేసు, బోర్డు మీద నాలుగు కనబడుతోంది. పన్నెండు కార్లు. మా చెల్లెలి పసుపు కారు మూడోది. మూడో మలుపు దగ్గర బరువంతా ముందు కుడి చక్రం మీద పడుతుంది. గోడ మీద వాళ్ళు "గురువుగారొచ్చారు, రండి రండి" అని చోటిచ్చారు. వాళ్ళని తోసుకుంటూ మంచె మెట్లెక్కాను.

సగం బిగింపు ఒక్కడే ఉన్నాడు. ముందు బల్ల మీద రిజిస్టరు, పక్కన జెండాలు. నన్ను చూసి మళ్ళీ ట్రాక్ వైపు తిరిగాడు.

"ఎర్రజెండా ఎత్తు. రేసు ఆపెయ్."

"ఎందుకు?"

ఇంటి దగ్గర నుంచి దారి పొడుగునా అదే మాట నోట్లో పెట్టుకుని వచ్చాను. తీరా అతని ముందు నిలబడేసరికి అది బయటికి రాలేదు. "మా చెల్లెలి కారు నుంచి ఆయిల్ కారుతోంది" అన్నాను.

బైనాక్యులర్స్ ఎత్తి చూశాడు. పసుపు కారు ఒక చుట్టంతా చూశాడు. నా అబద్ధానికి ఒక చుట్టు ఖర్చయింది. ఆ చుట్టులో కూడా ఆమె మూడో మలుపు తిరిగింది.

"ఎక్కడా కారడం లేదు. అయినా ఆవిడ ఒక్కరిదే అయితే నల్లజెండా చూపిస్తాను, ఆవిడ పక్కకొచ్చేస్తారు. అందర్నీ ఆపాలంటే కారణం కావాలి. ఇక్కడ రాయాలి."

నల్లజెండా చాలు. చెల్లెలు బయటికొచ్చేస్తుంది. మిగతావాళ్ళకి రేసయ్యాక, ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, కంపెనీ ఏదో కొత్తగా చెప్పిందని నెమ్మదిగా చెప్పుకోవచ్చు. ఈ మాట నేను అనుకున్నాను. అనుకోలేదని ఇప్పుడు చెబితే ఇంకో అబద్ధమవుతుంది. కింద పోస్టుమాన్ కారు వెళ్ళింది, వెనకే పళ్ళ డాక్టరు కారు, దాని వెనక లెక్కల మేష్టారు. లెక్కల మేష్టారికి కిందటి నెలలోనే కూతురు పుట్టింది. అందరి డాష్‌బోర్డుల్లోనూ నా పుస్తకమే.

జేబులోంచి కాగితాలు తీసి అతని ముందు పెట్టాను.

"చదువు. ఆ బోల్టు ఒక్కసారికే. నా పుస్తకంలో ఈ ముక్క లేదు. నక్షత్రమంటే ఏమిటో నాకు తెలియదు. ప్రతిసారీ విప్పమని నేను కల్పించి చెప్పాను."

చిన్న అక్షరాలు చదవడం అతని వృత్తి. ఒక్క క్షణంలో చదివేశాడు. నా వైపు చూడలేదు. కమ్మీ పట్టుకుని, వంగని కాలు పక్కకి జాపి లేచాడు. ఎర్రజెండా తీసి ఊపాడు. పన్నెండు కార్లూ నెమ్మదించి, ఒకదాని వెనక ఒకటి పక్కకి మళ్ళేదాకా ఊపుతూనే ఉన్నాడు. తరవాత కూర్చుని రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు.

"ఎవరు చెబితే ఆపానో కూడా రాయాలి. మీ పేరు రాయనా?"

"రాయి."

నేను కిందికి దిగేసరికి మా చెల్లెలు హెల్మెట్ తీసి బానెట్ మీద కొట్టింది. "అన్నయ్యా! రెండో చోటుకి వచ్చేస్తున్నాను! ఇప్పుడొచ్చి ఆపించావేమిటి, మతి గాని పోయిందా?" నేను జవాబు చెప్పకుండా కారు కిందికి దూరాను. చక్రం తీసి, బోల్టు విప్పి, ఆమె అరచేతిలో పెట్టాను. పక్కనే జేబులోని కొత్త బోల్టు పెట్టాను. పాతది గోరు మందం పొడుగు సాగింది. పీక దగ్గర సన్నబడింది. ఆ సన్నబడ్డ చోట వెంట్రుకలాంటి గీత ఒకటి ఉంది. మురికేమోనని చెల్లెలు బొటనవేలితో తుడిచింది. పోలేదు.

అక్కడే, అందరూ గుమిగూడాక, మొదటి నుంచి చెప్పాను. స్టోర్ రూము, చెప్పుల చప్పుడు, తిప్పని పేజీ, అన్నీ. పోస్టుమాన్ మెల్లగా "నేను బద్ధకించి ఆ బోల్టు ఒక్కసారీ విప్పలేదు గురువుగారూ" అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే తిట్టేవాణ్ణి. అన్ని కార్లవీ విప్పి చూస్తే, వాడొక్కడి బోల్టే కొత్తదానితో సమానంగా ఉంది.

చెల్లెలు అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ముప్ఫై ఒక్కసార్లు" అంది.

"అవును."

"నువ్వే చెప్పావు కదా."

"అవునమ్మా."

"నీ పుస్తకం ఉండగా ఇంకో పుస్తకం ఎందుకన్నావు, అన్నయ్యా." అంతే అంది. బోల్టు గుప్పెట్లో పట్టుకుని వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను.

అప్పటికి మంచె మీద నుంచి అతను ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. గుంపులో ఎవరో అలవాటు కొద్దీ "ఏమోయ్ సగం బిగింపూ, మళ్ళీ మొదలెప్పుడు?" అని అడిగారు. అడిగినవాడే నాలిక కరుచుకున్నాడు. అతను తాళాల గుత్తి బయటికి తీశాడు. తాళాల మధ్య విరిగిన బోల్టు ముక్క వేలాడుతోంది. ఏడాదిగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. నా చేతిలో పెట్టాడు. పీక సన్నగా సాగి, సాగిన చోటే తెగింది. పోయినేడు ఇదే ముక్కని ఇదే చేతిలో పెట్టుకుని చూశాను. సగం బిగించాడని ముందే అనుకుని చూశాను కాబట్టి నాకేమీ కనబడలేదు.

"నేను ఎనభైకి బిగించాను" అన్నాడు.

"బిగించావు. సరిగ్గా బిగించావు. తప్పు నాది." అందరికీ వినబడేలా అన్నాను. చెయ్యి పట్టుకుని క్షమించమన్నాను.

అతను చెయ్యి విడిపించుకోలేదు గానీ, క్షమించాననీ అనలేదు. "వీళ్ళకి చెప్పారు, బాగుంది. ఊరంతా ఎవరు చెబుతారు? నా షాపుకి ఎవరొచ్చినా కళ్ళజోడు తీసుకుంటూ ఒకటే మాట. ఏమండీ, ఈ మరైనా పూర్తిగా బిగించారా అని. నవ్వుతారు. నేనూ నవ్వాలి. ఇరవై ఏళ్ళుగా మరలు బిగించి బతుకుతున్నాను."



మర్నాడు క్లబ్బులో పాత జెరాక్సులన్నీ వెనక్కి తీసుకున్నారు. చెల్లెలు కంపెనీ మాన్యువల్ ప్రింటు తీసి, అట్టలు కుట్టించి, లైబ్రరీలో పెట్టింది. ఆ పని జరుగుతుండగా నేను అక్కడ లేను. కళ్ళజోళ్ళ షాపు తెరిచే వేళకి వెళ్ళి, కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అతను పొమ్మనలేదు, కూర్చోమనలేదు.

మొదట వచ్చినాయన బట్టతల పెద్దమనిషి. కళ్ళజోడు పెట్టుకుని, అటూ ఇటూ తల ఊపి, నవ్వుతూ "సగం బిగించలేదు కదా?" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఫలానావాణ్ణి నేనని, ఆ పేరు పెట్టింది నేనేనని, ఇతను సరిగ్గానే బిగించాడని, నా పుస్తకంలో ఒక ముక్క లేకపోవడం వల్ల ఇతని కాలు విరిగిందని చెప్పాను. పెద్దమనిషి తెల్లబోయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కళ్ళజోడు పెట్టె తీసుకుని గుమ్మం దాటాడు. గుండె కొంచెం తేలికపడి కూర్చోబోయాను.

అతను తల ఎత్తలేదు. చేతిలో చిన్న స్క్రూడ్రైవరు, ఇంకెవరిదో కళ్ళజోడు.

"నక్షత్రానికి అర్థం కల్పించి చెప్పిన సంగతి వదిలేశారు" అన్నాడు.

నేను వీధిలోకి దిగి పెద్దమనిషిని వెనక్కి పిలిచాను.